నొక్కటానికీ వదలటానికీ మధ్య

మా నాయనకి మైపాడు దగ్గర ఆరు రొయ్యల గుంటలున్నాయి. ఏ గుంటలో ఎన్ని కిలోల మేత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఏరేటర్లకి డీజిల్ ఎంత పట్టింది, అన్నీ పొడుగాటి పుస్తకాల్లో రాసుకునేవాడు. రెండేళ్ళ కిందట, సంక్రాంతి సెలవుల్లో ఊరికే ఉండలేక, వాటి బదులు ఒక ప్రోగ్రామ్ రాసి ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో పెట్టి వచ్చాను. జావా స్వింగ్‌లో. నవ్వకండి, కాలేజీ ల్యాబ్‌లో చేతికి పట్టుబడిన పని అంత తొందరగా పోదు.

ఆయనకి గుంటలు నంబర్లతో గుర్తుండవు. తూరుపు పక్కది, మోటరు కాడిది, కాలవ గట్టుది. అందుకని తెర మీద ఆరు గుంటలూ బొమ్మగా గీశాను. గుంట మీద క్లిక్ చేస్తే మేత రాసే కిటికీ తెరుచుకుంటుంది. ఎవరూ అడక్కపోయినా, బొమ్మ మొత్తాన్ని మౌస్‌తో పట్టుకుని అటూ ఇటూ లాగే సదుపాయం కూడా పెట్టాను. పుస్తకాలు మానేయటానికి నాయన ఒక్క మాటకే ఒప్పుకున్నాడు. నా ప్రోగ్రామ్ అంత బాగుందన్నమాట అనుకున్నాను.

నెల తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. "గుంట మీద నొక్కితే పలకటంల్యా అబ్బయ్యా." బెంగళూరులో నా లాప్‌టాప్ మీద శుభ్రంగా పలుకుతోంది. ఇంకోసారి, "గుంటలు కదలతా ఉండాయి" అన్నాడు. నేను పడీపడీ నవ్వాను. అమ్మ కూడా నవ్వింది. "చెయ్యి కదపకుండా నొక్కు నాయనా" అని చెప్పాను. ఆ మాట ఆ ఏడాదిలో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

నాకు అనుమానం రావాల్సిన చోటు ఒకటుంది. సేవ్ బటన్ గురించి ఆయన ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. అదే చెయ్యి, అదే మౌస్. బటన్ పలుకుతోంది, బొమ్మ పలకటం లేదు.

మనం క్లిక్ అనుకునేది ఒక్క సంఘటన కాదు. మౌస్ మీట కిందికి దిగటం ఒకటి, పైకి లేవటం ఒకటి. ఈ రెండూ దాదాపు ఒకేచోట జరిగితేనే స్వింగ్ మూడో కబురు పంపుతుంది, మౌస్‌క్లిక్డ్ అని. మధ్యలో మౌస్ కాస్త ఎక్కువ జరిగిందా, అది మౌస్‌డ్రాగ్డ్ కిందికి పోతుంది, క్లిక్ అనే కబురే రాదు.  స్వింగ్ బటన్ మాత్రం ఈ కబురు కోసం చూడదు. తన మీద నొక్కి తన మీదే వదిలితే చాలు, మధ్యలో ఎంత ఊగినా పట్టించుకోదు. నేను గుంటలకి మౌస్‌క్లిక్డ్ రాశాను. పరీక్షల్లో ఐదు మెథడ్లూ వరసగా అప్పజెప్పినవాణ్ణే.

తర్వాతి సంక్రాంతికి వెళ్ళినప్పుడు, ప్రతి మౌస్ సంఘటననీ ఒక ఫైల్లో రాసేటట్టు నాలుగు లైన్లు చేర్చి, ఆయన్ని మామూలుగా పని చేసుకోమన్నాను. రాత్రి ఆ ఫైల్ తెరిచాను. నొక్కింది 412, 263 దగ్గర. ఆ తర్వాత 414, 262. 417, 265. 413, 267. 419, 264. వదిలింది 418, 266 దగ్గర. క్లిక్ లేదు. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ అదే. ఒకే గుంట కోసం ఏడుసార్లు. ప్రతిసారీ బొమ్మ కాస్త జరిగింది. గుంటలు నిజంగానే కదిలాయి.

అటకమీది పుస్తకాలు దించి చూశాను. చివరి పుస్తకంలో సగం నుంచీ అంకెలు వంకర్లు పోయి ఉన్నాయి. 3కీ 8కీ తేడా తెలియటం లేదు. పొద్దున అమ్మనడిగితే, "టీ సగం గ్లాసే పొయ్యమంటా ఉండాడు, షుగరుకి భయపడి అనుకున్యా" అంది. టీవీ ముందు కూర్చున్నప్పుడు ఆ చేతులు కదలవు. ఏదన్నా పట్టుకున్నప్పుడే వణుకు. నేనేమో ఇక్కడ పుస్తకాల మీద వ్యాసాలు రాస్తూ, రచయిత చెప్పకుండా దాచింది చూడండని పదిమందికీ చెబుతుంటాను.

ముందు 10 పిక్సెళ్ళ దాకా కదిలినా క్లిక్ కిందే లెక్క అని మార్చాను. కొన్ని అప్పటికీ తప్పిపోయాయి. ఆఖరికి ఆ లాగే సదుపాయమే పీకేసి, ఏ గుంటలో నొక్కితే అదే గుంటలో వదిలారా అని మాత్రం చూశాను, బటన్ లాగానే. ఆరు గుంటల బొమ్మని జరుపుకునే అవసరం ఎవరికుంది?

"తప్పు ప్రోగ్రామ్‌ది నాయనా" అన్నాను.

"నేను మొదట్నించీ అదే గదా చెప్పింది" అన్నాడు.

చేతుల సంగతి అడగటానికి ఇంకో రెండు రోజులు పట్టింది. తల తిప్పుకుని, వయసన్నాడు. నెల్లూరులో డాక్టరుకి చూపించాం. మందులు వాడుతున్నాడు, కొంత నయం. ఇప్పుడు గుంటలు మొదటి దెబ్బకే పలుకుతున్నాయట. కీబోర్డు సంగతి చూడాలి. మొన్న 25 కిలోల మేతకి 225 పడింది.