కొత్తూరు... తొమ్మిది నందులు

బ్యాంకు ఉద్యోగం కావాలంటే నంద్యాల వెళ్లాలి... తెలుగునాట డిగ్రీ పూర్తిచేసిన కుర్రకారుకి ఎన్నో ఏళ్లుగా అలవాటైన మాట. పుస్తకాల సంచీతో దిగిన కొత్తవాళ్లకి మొదటివారం గది, మెస్సు, కోచింగ్‌ సెంటరు తప్ప మరో దారి తెలీదు. ఇంటిమీద బెంగ పుట్టేదీ అప్పుడే.

ఆదివారం రాగానే ఊరిని పరిచయం చేసేవి నందులే. నవనందుల్లో ప్రథమనంది చామకాల్వ ఒడ్డునా, నాగనంది బస్టాండు దగ్గరి ఆంజనేయస్వామి గుడిలోనూ ఉన్నాయి. సోమనందీ పట్టణంలోనే. ఆ మూడూ వెతుక్కుంటూ నడిస్తే సందులన్నీ సొంతమైనట్లే. మిగిలినవాటికి బస్సో ఆటోనో ఎక్కాలి. నల్లమల అంచున మహానంది కోనేట్లో మునిగితే వారమంతా చేసిన లెక్కల వేడి దిగిపోతుంది. అడుగున పడ్డ నాణెం కూడా కనిపించేంత తేట ఆ నీళ్లది.

మరో ఆదివారం కడప దారిలో సుమారు 40 కిలోమీటర్లు వెళితే ఆళ్లగడ్డ. అహోబిలం బస్సు కోసం దిగినవాళ్లని ఉలి చప్పుళ్లు ఆపేస్తాయి. దేవతామూర్తులు చెక్కే శిల్పుల ఊరది. ఎక్కువ పెచ్చు లేచిందా, మళ్లీ అతకదు. తప్పు జవాబుకి పావు మార్కు పోయే పరీక్ష రాసేవాళ్లకి ఇంతకన్నా పాఠమేముంటుంది!

2022లో జిల్లా కేంద్రమైన నంద్యాలకి ఇలా వచ్చినవాళ్లంతా ఉద్యోగం రాగానే ఎక్కడెక్కడికో వెళ్లిపోతారు. కొత్తూరంటే భయాన్ని మాత్రం ఇక్కడే వదిలేసి!