అర పాయింటు

ఆఫీసులో జూనియర్లకి నేను చెప్పే మొదటి పాఠం: శుక్రవారం సాయంత్రం నడుస్తున్న కోడ్ జోలికి పోవద్దు. ఆ పాఠం నాకే వంటబట్టలేదని మొన్న ఆదివారం తేలిపోయింది.

లిచెస్‌లో 45+45 టీమ్ లీగ్ ఒకటుంది. ఒక్కొక్కరికీ 45 నిమిషాలు, ఎత్తు వేసినప్పుడల్లా మరో 45 సెకన్లు కలుస్తాయి. జట్టుకి ఎనిమిది బోర్డులు. ఏ రోజు ఆడాలో ఆ ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. పిల్లాడి పరీక్షలు, మా రిలీజూ అయ్యేసరికి నాదే ఆఖరి ఆట అయింది. అప్పటికి మేం 4-3తో ముందున్నాం. అంటే నేను డ్రా చేసుకున్నా మ్యాచ్ మాదే.

రెండు గంటలు గడిచాక చెరో ఏనుగు మిగిలింది, నాకు ఒక బంటు ఎక్కువ. అవతలాయన డ్రా అడిగాడు. ఆయన రాజు సరిగ్గా నా బంటు దారికి అడ్డంగా ఉన్నాడు. అలాంటివి డ్రా అవుతాయని పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివానో! కానీ బంటు ఎక్కువున్నవాడు ఒప్పుకోవడమేంటని రోషం. గెలిస్తే రేటింగు పెరుగుతుందని ఆశ. కాదన్నా.

ఆయన వెనకనుంచి చెక్కుల మీద చెక్కులు. తప్పించుకుంటూ నా రాజుని కిందకి దించా. చూసుకోలేదు, రాజూ ఏనుగూ ఒకే నిలువు వరసలోకి వచ్చేశారు. మళ్ళీ చెక్! రాజు పక్కకి జరగ్గానే వెనకున్న ఏనుగు పోయింది. 4-4.

గ్రూపులో ఎవరూ తిట్టలేదు. కెప్టెన్ "పర్లేదు, బాగా ఆడావు" అన్నాడు. తిట్టినా బాగుండేది. కాస్త పైకి వెళ్ళి పాత మెసేజులు చూస్తే, మూడో బోర్డు కుర్రాడు జ్వరంతో కూర్చుని, బంటు తక్కువైనా 90 ఎత్తులు లాగి డ్రా చేశాడట. నేను పారేసింది వాడి కష్టాన్ని కూడా.

2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మనం అమెరికాని 2.5-1.5తో ఓడించాం. గుకేశ్, మన వరంగల్ అర్జున్ ఎరిగైసి గెలిచారు, ప్రజ్ఞానంద ఓడాడు. నేనూ ఆ రెండు గెలుపుల గురించే వారమంతా చెప్పుకున్నా. అరోనియన్‌తో విదిత్ చేసుకున్న డ్రా లేకపోతే అది 2-2 అయ్యేదని ఇప్పుడు లెక్కేసుకుంటున్నా.

వచ్చే ఆదివారం మళ్ళీ ఆట ఉంది. కెప్టెన్ నన్ను తీసెయ్యలేదు. ఈసారి ఎవరైనా డ్రా అడిగితే ముందు జట్టు స్కోరు చూస్తా, ఒట్టు. రేటింగు కూడా ఓసారి ఓరకంట చూస్తానేమో లెండి :)