గోల్డ్ షేర్ల బుల్ మార్కెట్ ఎంత ముదిరింది? ఎలా గుర్తించాలి?

బంగారం ధర పెరిగినప్పుడల్లా మనలో కొందరు కోచింగ్ ఫీజు కోసం దాచిన డబ్బుతో గోల్డ్ షేర్లు కొనాలనుకుంటారు. కొనే ముందు మూడు గుర్తులు చూడండి.

1. ఖర్చు: ఔన్సు బంగారం తీయడానికి గని కంపెనీకి 1,500 డాలర్లు ఖర్చు, ధర 2,000 అనుకుందాం. మిగులు 500. ధర 10 శాతం పెరిగితే మిగులు 700, అంటే 40 శాతం ఎక్కువ. అందుకే షేరు బంగారాన్ని మించి పరుగెడుతుంది. డీజిల్, జీతాల ఖర్చు ధరను తరుముకొస్తుంటే ఆ పరుగు ముదిరినట్టే.

2. భారీ కొనుగోళ్లు: 2010లో కెనడా కంపెనీ కిన్‌రాస్ 7.1 బిలియన్ డాలర్లకు రెడ్ బ్యాక్‌ను కొంది. మరుసటి ఏడాదే బంగారం 1,900 డాలర్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

3. తవ్వకమే మొదలుపెట్టని చిన్న కంపెనీల షేర్లూ ఎగరడం.

ఈ లెక్క గనులకే. మా గోవింద్‌పూర్ వైపు సువర్ణరేఖ ఇసుకలో బంగారు రేణువులు జల్లించేవాళ్లున్నారు గానీ, దేశంలో షేరు కొనదగ్గ గనులు తక్కువ. కోలార్ 2001లో మూతపడింది, హట్టి కర్ణాటక ప్రభుత్వానిది. ఇక్కడ గోల్డ్ షేర్లంటే ఎక్కువగా నగల కంపెనీలు, గోల్డ్ లోన్ కంపెనీలే. నగల కంపెనీకి బంగారం ముడిసరుకు. ధర పెరిగితే దాని ఖర్చే పెరుగుతుంది.

2011 నాటి ధరను బంగారం మళ్లీ దాటింది 2020లో. తొమ్మిదేళ్లు! మన అటెంప్టులన్నీ అయిపోయేంత కాలం. ఫీజు డబ్బు ఫీజుకే ఉంచండి.