మూగజీవులను కాచే చేతులను ఎవరు కాయాలి?



పదవీ విరమణ చేసిన తరువాత ఉదయపు వేళలు నాకు బరువుగా తోచాయి. అందుచేత మా పట్టణ శివారులో ఉన్న ఒక వీధికుక్కల సంరక్షణ కేంద్రానికి వెళ్లి, చేతనైన సాయం చేయడం మొదలుపెట్టాను. జీవితమంతా మనుషులకు వైద్యం చేసినవాడిని. మూగజీవుల విషయంలో నేను కేవలం విద్యార్థిని. అక్కడ నేర్చుకున్న పాఠాలలో ఒకటి నా ప్రాణం మీదికే వచ్చింది. అందులో నా తప్పు కూడా ఉన్నది. దానిని దాచుకోవడం కంటె మీతో పంచుకోవడమే మేలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అటువంటి కేంద్రంలో తెల్లవారడం ఎలా ఉంటుందో మీరు ఊహించలేరు. తలుపు తీసేసరికి గేటు ముందు అట్టపెట్టెలో కళ్లు తెరవని కూనలు ఉంటాయి. ఎవరో రాత్రివేళ వదలి వెళ్లినవి. లోపల రాత్రి ఏ ప్రాణి పోయిందో ముందుగా చూసుకోవాలి. తరువాత మలమూత్రాలు ఎత్తి, నేలను బ్లీచింగ్ నీళ్లతో కడగాలి. పార్వో అనే వైరస్ సోకిన కూనలు వాంతులతోను, రక్తపు విరేచనాలతోను రెండు మూడు రోజులలోనే నీరసించిపోతాయి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. జబ్బు కూనలను తాకిన చేతులతో ఆరోగ్యంగా ఉన్నవాటిని తాకకూడదు. పనివారు తగినంతమంది లేనిచోట ఈ నియమాన్ని పాటించడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇంతలో ఫోన్లు మొదలవుతాయి. “మా వీధిలోని కుక్కలను పట్టుకుపోండి, మళ్లీ తీసుకురావద్దు” అని కొందరు గద్దిస్తారు. శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే విడిచిపెట్టడం 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలలోని సాధారణ పద్ధతి అని చెప్పినా వినరు. తిట్లు తినేది మాత్రం ఫోను ఎత్తిన పనిమనిషే.

ఆ కేంద్రంలో యాభై ఏళ్లు దాటిన ఒక తల్లి పనిచేసేది. కుక్కలకు అన్నం వండడం, మందులు మింగించడం, చచ్చినవాటిని పూడ్చడం అన్నీ ఆమె పనులే. బ్లీచింగ్ నీళ్లకు ఆమె అరచేతులు బీటలు వారి ఉండేవి. నన్ను “డాక్టరుగారూ” అని పిలిచి, ఇంటికి వచ్చిన చుట్టానికి వలె కుర్చీ వేసేది.

ఒక ఉదయం ఆటోలో ఎవరో ఒక కుక్కను తెచ్చి దించారు. అది మొరగదు, కరవదు. కింది దవడ జారిపోయి, నోరు తెరచుకొని, చొంగ కారుస్తున్నది. నీళ్లు పెడితే మూతి ముంచుతుంది గాని మింగలేదు. “గొంతులో ఎముక అడ్డుపడింది, పాపం” అన్నాడు తెచ్చినాయన. ఆ తల్లి దానిని ఒడిలోకి తీసుకొని, చీర చెంగుతో చొంగ తుడిచింది. నేను వైద్యుడిననే ధీమాతో, చేతికి తొడుగు లేకుండానే దాని నోట్లో రెండు వేళ్లు పెట్టి గొంతు వెదికాను. ఎముక లేదు. నా చూపుడువేలి మీద మాత్రం, ముందురోజు కత్తిపీట వద్ద తెగిన గాయం ఇంకా మానలేదు.

మధ్యాహ్నం వచ్చిన పశువైద్యుడు దూరం నుండి చూసి, “ఎవరెవరు ముట్టుకున్నారు?” అని అడిగాడు. ఆ గొంతులోని మార్పు నాకు ఇప్పటికీ వినిపిస్తున్నది. మూడవ నాటికి ఆ కుక్క చనిపోయింది. ప్రయోగశాల పరీక్షలో రేబిస్ అని తేలింది.

మిత్రులారా, పిచ్చికుక్క అనగానే మన మనసులో మెదిలేది వెంటపడి కరిచే కుక్క. రేబిస్‌కు మరొక రూపం ఉన్నది. అందులో దవడ కండరాలు, గొంతు చచ్చుపడి కుక్క మౌనంగా కూర్చుంటుంది. చూసేవారికి జాలి కలుగుతుంది, చేయి దానంతట అదే నోటి దగ్గరకు పోతుంది. ఈ సంగతి నేను చదువుకున్నదే. అయినా ఆ క్షణాన గుర్తుకు రాలేదు.

పశువైద్యుడు అడిగిన వెంటనే మేమిద్దరం ధారగా పడే నీటి కింద, సబ్బుతో పదిహేను నిమిషాలు చేతులు కడుక్కొన్నాము. రేబిస్ వైరస్‌కు కొవ్వు పొర ఉంటుంది. సబ్బు దానిని ఛేదిస్తుంది. పసర్లు, సున్నం, కారం పెట్టడం వలన మేలు లేదు, హాని మాత్రం ఉన్నది. తెగిన చర్మానికి చొంగ తగిలితే అది రక్తం వచ్చిన కాటుతో సమానమే. అందుచేత అదే రోజు గాయాల వద్ద ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను, భుజానికి టీకాను వేయించుకొన్నాము. కండరానికి ఇచ్చే టీకాను 0, 3, 7, 14, 28వ రోజులలో పూర్తి చేయాలి. లక్షణాలు కనిపించిన తరువాత ఈ వ్యాధి దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే. అందుకే పరీక్ష ఫలితం కోసం ఆగకూడదు.

ఆసుపత్రిలో కూర్చొని ఉండగా ఆమెను, “అమ్మా, ఇంతకుముందు ఎప్పుడైనా ఈ టీకా వేయించుకున్నావా?” అని అడిగాను.

“కుక్కలకు వేసేటప్పుడు పట్టుకుంటానండి. మాకు వెయ్యలేదు. అడిగితే పని పోతుందేమోనని అడగలేదు” అన్నది.

నేను ఆ కేంద్రానికి వెళ్లడం మొదలై అప్పటికి నాలుగు నెలలు. ప్రతి కుక్క చెవి గుర్తును చూసి, టీకా పుస్తకాన్ని తిరగవేసిన నేను, పనివారిని ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. నా వృత్తి జీవితంలో ఆలస్యంగా వచ్చిన రోగులను ఎందరినో కోప్పడ్డాను. ఆ రోజు నన్ను నేను కోప్పడవలసి వచ్చింది.

ఏడవ రోజు టీకాకు ఆమె రాలేదు. వెళ్లి చూస్తే జబ్బు కూనకు సెలైన్ పెట్టి, పక్కనే కూర్చొని ఉన్నది. “ఇది పోయేలా ఉందండి, ఒంటరిగా ఎట్లా వదిలేది?” అన్నది. నేను కారులో కూర్చోబెట్టుకొని తీసుకువెళ్లాను. మేము తిరిగి వచ్చేసరికి కూన పోయింది. ఆమె దానిని పూడ్చి, చేతులు కడుక్కొని, మిగిలిన కుక్కలకు అన్నం పెట్టింది. ఆ రోజు తాను తినలేదు. ప్రతిరోజూ చావును చూసే మనసు కూడా అలసిపోతుంది. నిద్ర పట్టకపోవడం, ఊరకనే విసుగు రావడం, చివరకు ఏమీ అనిపించకపోవడం ఆ అలసటకు గుర్తులు. అది బలహీనత కాదు. విశ్రాంతి, మాట్లాడే తోడు అవసరమని మనసు చెప్పే సూచన.

ఆ నెలలోనే నిర్వాహకులతో మాట్లాడాను. మిగిలిన పనివారందరికీ 0, 7, 28వ రోజులలో ముందస్తు టీకాలు వేయించాము. అవి వేయించుకొన్నవారికి తరువాత కాటు పడితే 0, 3వ రోజులలో రెండు మోతాదులు చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కరలేదు. ధనుర్వాతం టీకా, మోచేతి వరకు వచ్చే తొడుగులు, ఎలుకల మూత్రం వలన వచ్చే లెప్టోస్పైరోసిస్ నుండి కాపాడే రబ్బరు బూట్లు కూడా సమకూర్చాము. టీకాకు వెళ్లిన రోజు కూలి కోత పెట్టకూడదని నియమం పెట్టించాము. నిజానికి అన్నిటికంటె ఉపకరించినది ఆ నియమమే.

మీలో ఎవరైనా ఇటువంటి కేంద్రానికి బియ్యమో, పాత దుప్పట్లో ఇవ్వడానికి వెళితే తప్పక వెళ్లండి. నోరు తెరచి చొంగ కార్చే ఏ కుక్కనూ ఉత్తచేతులతో తాకకండి. తిరిగి వచ్చేముందు అక్కడ నేల కడుగుతున్నవారిని, “మీరు టీకా వేయించుకొన్నారా?” అని ఒక్క మాట అడగండి. నేను నాలుగు నెలలు ఆలస్యంగా అడిగాను. మీరు మొదటి రోజే అడగండి.