అరచేతిలో ప్రయోగశాల

తీరని ఆశలు కల్పించడాన్ని 'అరచేతిలో వైకుంఠం చూపించడం' అంటారు. అరచేతిలో ప్రయోగశాలను చూపించడం మాత్రం నేడు వట్టి మాట కాదు. తపాలా బిళ్ళంత ఫలకంపై తలవెంట్రుకంత సన్నని కాలువలు ఏర్పరచి, వాటిలో ఒక్క రక్తపు చుక్కను నడిపించి పరీక్షించే సాధనమే 'ల్యాబ్ ఆన్ ఎ చిప్'. రసాయన విశ్లేషణ మొత్తాన్ని సూక్ష్మ పరిమాణంలో జరపవచ్చునని 1990లో ఆండ్రియాస్ మాంజ్, ఆయన సహచరులు ప్రతిపాదించిన తరువాత ఈ శాస్త్రం వేగంగా విస్తరించింది.

పంటకాలువలు తవ్వడం తెలిసిన మానవునికి ఈ కాలువలొక లెక్కా అనిపించవచ్చు. కాని కాలువ చిన్నదైతే నీటి నడకే మారిపోతుంది. ఏటిలో కలిసిన రెండు పాయలు సుడులు తిరుగుతూ త్వరగా ఏకమవుతాయి. సూక్ష్మ కాలువలో సుడులకు తావులేదు. అందులో రెండు ద్రవాలు పక్కపక్కనే ప్రవహిస్తూ కూడా అపరిచితుల వలె సాగిపోతాయి. వాటిని కలిపేది అణువుల మెల్లని వ్యాపనమే. అణువులు దాటవలసిన దూరం పదింతలైతే, పట్టే కాలం నూరింతలవుతుంది. గుండ్రని గొట్టం వ్యాసం సగమైతే ప్రవాహ నిరోధం 16 రెట్లవుతుంది.

కంటి అంచనా ఓడిపోయే ఈ చోట కంప్యూటర్ తోడ్పడుతుంది. రూపకర్తలు తెరపై కాలువలను గీస్తారు. కంప్యూటర్ వాటిని వేలాది చిన్న గడులుగా విభజించి, ప్రతి గడిలోని వేగాన్ని, పీడనాన్ని గణిస్తుంది. మందు రక్తంతో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ కలవదో ముందే చూపుతుంది. లోపం కనిపిస్తే గీతను చెరిపి మళ్ళీ గీయవచ్చు. కాలువ అడుగున చేపముల్లు ఆకారపు గాడులుంటే ద్రవాలు మెలితిరిగి చక్కగా కలుస్తాయని 2002లో హార్వర్డ్ పరిశోధకులు నిరూపించారు. అటువంటి గాడుల లోతును, వాలును నిర్ణయించడానికి ఈ గణన ఎంతో ఉపకరిస్తుంది.

కుదిరిన గీత అచ్చుగా మారి, సిలికోన్ రబ్బరులో రూపుదాలుస్తుంది. గీసిన నమూనాను ఒక్కరోజులోనే చేతికందించే పద్ధతిని జార్జ్ వైట్‌సైడ్స్ బృందం 1998లో వెల్లడించింది.

అయినా తెరపై నెగ్గిన ప్రతి నమూనా చేతిలో నెగ్గదు. ఎక్కడో చిక్కుకొన్న గాలిబుడగ ప్రవాహాన్ని ఆపివేయవచ్చు. గోడకు అంటుకొన్న ప్రోటీను ఫలితాన్ని తారుమారు చేయవచ్చు. రూపకర్తలు చెప్పని విషయాన్ని కంప్యూటర్ లెక్కలోకి తీసుకోదు. అందుకే గణన తరువాత ప్రయోగం, ప్రయోగం తరువాత సవరణ తప్పవు.

పెద్దాసుపత్రికి దూరంగా ఉన్న రోగికి ఆ ఒక్క చుక్కే ఆధారం. అది సరిగా కలవకపోతే ఉన్న వ్యాధి లేదని తేలవచ్చు. చికిత్స ఆలస్యం కావచ్చు. తెరపై గీసేది వెంట్రుకంత గీతే అయినా, దాని చివర నిలిచి ఉన్నది ఒక ప్రాణం. కొలత సూక్ష్మమైనంత మాత్రాన బాధ్యత సూక్ష్మం కాదు.