ముఖాలు తిరిగి దొరికే ఊరు

మన పెద్దల కాలంనాటి తోలు అట్ట బైబిళ్ళకూ, పశ్చిమ ఆఫ్రికాలోని ఒక పట్టణానికీ సంబంధం ఉందని మనలో చాలామందికి తెలియదు. నైజీరియా దేశపు వాయవ్య మూలన సొకోటో అనే ఊరు ఉంది. అక్కడి ఎర్ర మేకల తోళ్ళు వెనుకటి రోజుల్లో ఒంటెల మీద సహారా ఎడారి దాటి మొరాకో రేవులకు చేరేవి. ఐరోపావారు వాటిని మొరాకో తోలు అని పిలిచి, మంచి మంచి పుస్తకాలకు అట్టలు వేసుకున్నారు. పేరు మొరాకోకు దక్కింది, మేక మాత్రం సొకోటోది!

ఆ ప్రాంతం మన రాయలసీమనో, పాలమూరునో గుర్తుకు తెస్తుంది. వానలు తక్కువ. జొన్నలు, సజ్జలే ముఖ్యమైన పంటలు. ఏప్రిల్ నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చలికాలంలో ఎడారి వైపునుండి హర్మట్టన్ అనే పొడిగాలి వీచి, ఇల్లూ వాకిలీ దుమ్ముతో నింపుతుంది. ప్రజలు ఎక్కువగా హౌసా భాష మాట్లాడతారు. 1999లో ఈ ఊళ్ళో ఒక ప్రత్యేకమైన ఆసుపత్రి తెరిచారు. అది నోమా అనే ఒక్క జబ్బు కోసమే ఏర్పడిన పిల్లల ఆసుపత్రి.

నోమా అనే మాట గ్రీకు భాషనుండి వచ్చింది. కబళించుట అని దాని భావం. ఈ జబ్బు ఎక్కువగా రెండు నుండి ఆరేళ్ళ లోపు పిల్లలకు వస్తుంది. మొదట చిగురు వాచి, ముట్టుకుంటే రక్తం కారుతుంది. తరువాత పుండు పడి నోరు దుర్వాసన వేస్తుంది. బుగ్గ ఉబ్బుతుంది. ఆపైన కొద్ది రోజుల్లోనే బుగ్గ, పెదవి, ముక్కు, లోపలి ఎముకతో సహా నల్లబడి కుళ్ళి ఊడిపోతాయి. వైద్యం అందకపోతే పదిమందిలో తొమ్మిదిమంది వరకు చనిపోతారు. బ్రతికినవారికి ముఖంలో రంధ్రం మిగులుతుంది. దవడలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు, అన్నం నమలలేరు, మాట స్పష్టంగా రాదు.

ఇది అంటువ్యాధి కాదు. తల్లి పక్కన పడుకున్నా, ఒకే కంచంలో తిన్నా మరొకరికి రాదు. తిండి చాలక చిక్కిపోయిన పిల్లవానికి తట్టు వంటి జ్వరం వచ్చి ఒంట్లో బలం పోయినప్పుడు, నోటిలో ఎప్పుడూ ఉండే క్రిములే పగబట్టినట్లు లేస్తాయి. ఒకప్పుడు ఐరోపాలోనూ నోమా ఉండేది. అక్కడి బీదలకు కడుపునిండా తిండి దొరికిన తరువాత అది కనుమరుగైంది. రెండవ ప్రపంచ యుద్ధంలో నాజీల నిర్బంధ శిబిరాల్లో ఆకలితో మాడిన ఖైదీలకు మళ్ళీ వచ్చింది. ఆకలి ఎక్కడికి వెళ్తే ఇదీ అక్కడికే వెళ్తుందని తెలుసుకోవడానికి ఇంతకంటే సాక్ష్యం ఏమి కావాలి?

అయినా ఊళ్ళలో దీనిని జబ్బుగా చూసేవారు తక్కువ. హౌసా భాషలో దీనికున్న ఒక పేరుకు గాలి జబ్బు అని అర్థం. గాలి అంటే మన పల్లెల్లో గాలి సోకింది అంటామే, ఆ గాలి. అందుకే పిల్లను ఇంట్లో దాచిపెడతారు. బడికి పంపరు, పెండ్లిండ్లకు తీసుకుపోరు. పెద్దయ్యాక ముఖానికి గుడ్డ చుట్టుకొని తిరగాలి. మోషే కాలంలో కుష్ఠరోగి పాళెము వెలుపల ఉండవలసి వచ్చినట్లే, వీరు ఊళ్ళో ఉండి కూడా ఊరి వెలుపలివారే.

సొకోటో ఆసుపత్రిలో సరిహద్దులు లేని వైద్యులు అనే సంస్థ 2014 నుండి నైజీరియా ఆరోగ్య శాఖతో కలిసి పనిచేస్తూ వచ్చింది. రోగి డబ్బు కట్టనవసరం లేదు. వచ్చిన పిల్లకు వెంటనే కత్తి పెట్టరు. ముందు మందులు, పుండు శుభ్రం చేయడం, బలమైన తిండి. కుళ్ళు ఆగి, పుండు మాని, ఒళ్ళు చేసిన తరువాతనే ఆపరేషను సంగతి. అందుకు నెలలు, ఒక్కోసారి సంవత్సరం పైన పడుతుంది. నైజీరియా డాక్టర్లూ విదేశాల డాక్టర్లూ కలిసిన బృందం ఏడాదిలో కొన్ని విడతలుగా వచ్చి ఈ ఆపరేషన్లు చేస్తుంది.

పని కష్టమైనది. నోరు తెరుచుకోదు గనుక మత్తు ఇవ్వడమే పెద్ద పరీక్ష. సన్నని గొట్టాన్ని ముక్కులోనుండి చూసుకుంటూ ఊపిరి దారిలోకి దింపాలి. బుగ్గ లేనిచోట బుగ్గ చేయడానికి నుదుటి నుండో, రొమ్ము పైభాగం నుండో చర్మాన్ని తెస్తారు. ఆ చర్మాన్ని ఒక్కసారిగా కోసి అతికిస్తే రక్తం అందక చచ్చిపోతుంది. అందుచేత ఒక కొసను పాత చోటే ఉంచి, రెండవ కొసను ముఖానికి కుడతారు. కొన్ని వారాలకు కొత్తచోట రక్తనాళాలు పుట్టాక, పాత కొసను తెంచుతారు. చెట్టుకు అంటు కట్టే రైతుకు ఈ ఉపాయం వివరించనక్కరలేదు.

బిగుసుకున్న దవడను విడదీస్తే సరిపోదు. రోజూ పళ్ళ మధ్య చెక్కపుల్లలు పెట్టి, ఒక్కొక్కటి పెంచుకుంటూ నోరు సాగదీయాలి. అది నొప్పితో కూడిన పని. ఇంటికి వెళ్ళాక మానేస్తే దవడ మళ్ళీ బిగుసుకుంటుంది. ఆపరేషను గొప్పదే కాని, నా మట్టుకు ఏడ్చే పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకొని నెలల తరబడి పుల్లలు పెట్టే తల్లి పని దానికంటే చిన్నదిగా తోచదు.

సొకోటోకు సముద్రం చాలా దూరం. పశ్చిమ ఆఫ్రికా తీరపు రేవు పట్టణాల్లో మాత్రం ఇటువంటి వైద్యం ఓడల మీద కూడా దొరుకుతుంది. 1978లో మొదలైన మెర్సీ షిప్స్ అనే క్రైస్తవ సేవా సంస్థ పాత ప్రయాణీకుల ఓడను కొని ఆసుపత్రిగా మార్చింది. తరువాత డెన్మార్కులో రైళ్ళను దాటించిన ఓడ ఒకటి ఆఫ్రికా మెర్సీ అనే పేరుతో 2007లో పనికి వచ్చింది. ఆరు ఆపరేషను గదులున్న గ్లోబల్ మెర్సీ 2022లో సెనెగల్ దేశపు డకార్‌లో, 2023లో సియెర్రా లియోన్ దేశపు ఫ్రీటౌన్‌లో లంగరు వేసింది. రోగికి రక్తం కావలసివస్తే ఓడ సిబ్బందే చేయి చాపి ఇస్తారు.

ఈ ఓడలకు వచ్చేవారిలో దవడ గడ్డలవారు చాలామంది. అమిలోబ్లాస్టోమా అనే గడ్డ ఒకటుంది. అది సాధారణంగా ఒళ్ళంతా ప్రాకే క్యాన్సరు కాదు. వైద్యం అందుబాటులో ఉన్న దేశాల్లో పంటి ఎక్స్‌రేలో గోలీకాయంత ఉండగానే పట్టుబడుతుంది. ముఖ శస్త్రవైద్యులు వేళ్ళమీద లెక్కించేంత మందే ఉన్నచోట అది ఏళ్ళ తరబడి పెరిగి కొబ్బరికాయంత అవుతుంది. నాలుకను నెట్టివేసి, మింగనివ్వక, ఊపిరి ఆడనివ్వక మనిషిని చంపుతుంది. డాక్టర్లు దవడ ఎముకతో సహా గడ్డను తీసి, లోహపు పట్టీ బిగించి, కొన్ని నెలల తరువాత తుంటి ఎముక తెచ్చి అతుకుతారు. అమెరికాకు చెందిన డాక్టర్ గేరీ పార్కర్ కొద్ది నెలలు ఉందామని ఈ ఓడ పనికి వచ్చారు. అక్కడే పెండ్లి చేసుకొని, పిల్లలను ఓడ మీదనే పెంచి, ముప్పై ఏళ్ళకు పైగా ముఖాలు బాగుచేస్తూ ఉండిపోయారు.

ఇన్ని కష్టాలతో చేసే ఈ శస్త్రచికిత్స చాలావరకు అవసరమే లేకుండా పోవచ్చునన్నది నన్ను ఎక్కువగా బాధించే సంగతి. చిగురు వాచిన మొదటి రోజుల్లోనే చూస్తే, మామూలు యాంటీబయాటిక్ మాత్రలు, నోరు పుక్కిలించడం, మంచి తిండి, వీటితోనే నోమా ఆగిపోతుంది. మచ్చ కూడా మిగలదు. దూర గ్రామాల తల్లికి ఆ మాట చెప్పేవారు లేరు. నైజీరియా ముందు నిలబడి అడిగిన మీదట, 2023 డిసెంబరు 15న ప్రపంచ ఆరోగ్య సంస్థ నోమాను నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

ఆ జాబితా కోసం గొంతెత్తినవారిలో ములికత్ ఒకన్లావన్ ఒకరు. చిన్నతనంలో నోమా ఆమె ముఖాన్ని తినివేసింది. సొకోటోలో ఒకటికి పలుమార్లు ఆపరేషన్లు జరిగాయి. ఆ తరువాత ఆమె అదే ఆసుపత్రిలో శుభ్రత చూసే ఉద్యోగంలో చేరారు. 2022లో బుర్కినా ఫాసోలో పుట్టిన ఫిడెల్ స్ట్రబ్‌తో కలిసి, నోమానుండి బ్రతికి బయటపడినవారి సంఘాన్ని స్థాపించారు. అతడూ చిన్నప్పుడు ఆ జబ్బు బారిన పడినవాడే. దేశ విదేశాల సభల్లో, కెమెరాల ముందు, ఆమె ముఖానికి గుడ్డ కట్టుకోకుండా నిలబడి మాట్లాడారు.