ఊరికీ బిడ్డే, దేవునికీ బిడ్డే

2025 జనవరి 7వ తేదీన బస్తరు జిల్లా దర్భా ప్రాంతంలోని ఛింద్‌వాడా గ్రామానికి చెందిన ఒక వృద్ధ పాస్టరు కన్నుమూశారు. తమ పెద్దలను పూడ్చిన ఊరి శ్మశానంలోనే తండ్రిని కూడ భూస్థాపన చేయాలని కుమారుడు కోరాడు. ఊరివారు ఒప్పుకోలేదు. పోనీ, సొంత పొలంలో చేస్తామన్నా అంగీకరించలేదు. కుమారుడు హైకోర్టుకు వెళ్లాడు, అక్కడ సాగకపోగా సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. అంతవరకు ఆ భౌతికకాయం జగదల్‌పూరు ఆసుపత్రి శవాగారంలోనే ఉండిపోయింది.

జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు భిన్నమైన తీర్పులు చెప్పారు. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని ఒకరు, క్రైస్తవులకు కేటాయించిన శ్మశానంలోనే జరగాలని మరొకరు అభిప్రాయపడ్డారు. అయినా మరణించిన మనిషిని ఇంకా నిరీక్షింపజేయటం తగదని ఇద్దరూ కలిసి ఒక ఆదేశం ఇచ్చారు. ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కర్కాపాల్‌లోని క్రైస్తవ శ్మశానంలో, పోలీసు రక్షణతో, అంత్యక్రియలు జరపాలన్నారు. ఇరవై రోజుల తరువాత ఆ వివాదం ముగిసింది.

చట్టం తన పని తాను చేసింది. కాని చట్టం జవాబు చెప్పలేని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. అటువంటి ఊళ్లో ఉన్న ఒక క్రైస్తవ ఇంటి పిల్లవాణ్ణి ఊహించుకోండి. ఆ ఊరి చెరువులోనే ఈత నేర్చాడు. ఆ ఊరి ఇప్పచెట్ల కిందనే తోటివారితో కలిసి పూలు ఏరాడు. అతడు తల్లి కొంగు పట్టుకుని, “అమ్మా, మనం ఈ ఊరివాళ్లం కాదా?” అని అడిగితే ఆమె ఏమని చెప్పాలి?

ఈ ప్రశ్న ఊహలో పుట్టినది మాత్రమే కాదు. 2022 డిసెంబరులో నారాయణపూర్, కొండగావ్ జిల్లాలలో అనేక క్రైస్తవ కుటుంబాలు ఇల్లూ వాకిలీ విడిచి రావలసివచ్చింది. వారిలో కొందరు నారాయణపూర్ పట్టణంలోని స్టేడియంలో తలదాచుకున్నారు. 2023 జనవరి 2న అదే పట్టణంలో ఒక పాఠశాల ఆవరణలో ఉన్న చర్చిపై దాడి జరిగింది. ఆ దినాలలో పిల్లలు విన్న మాటలు, చూసిన దృశ్యాలు వారి మనస్సులలో తాము ఎవరో చెప్పే తొలి పాఠాలయినాయి.

మనిషి స్వీయస్వరూపాన్ని గురించి ఆలోచించిన మనస్తత్వవేత్తలలో ఎరిక్ ఎరిక్సన్ ప్రముఖుడు. “నేను ఎవరిని?” అన్న ప్రశ్నకు లోపలినుంచి వచ్చే సమాధానం ఒక్కటే చాలదని ఆయన గ్రహించాడు. తనను తాను ఎరిగినట్లే తన చుట్టూ ఉన్నవారు కూడ తనను ఎరిగి ఒప్పుకున్నప్పుడే ఆ సమాధానం నిలుస్తుంది. పిల్లవానికి దేవుడు ఒక పేరు పెట్టి పిలిచాడని ఇల్లు చెబుతుంది. ఆ పేరుతో ఊరు పలుకకపోతే ఆ బిడ్డ సగమే మిగులుతాడు.

ఊరివారి పట్టుదలను కూడ అర్థం చేసుకోవటం న్యాయం. బస్తరు ఆదివాసికి నేల, కులదైవం, గతించిన పెద్దలు వేరువేరు విషయాలు కావు. చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలువురాళ్లు, చెక్కిన కొయ్యస్తంభాలు పాతటం మాడియా గోండుల ఆచారం. ఎవరిని ఎక్కడ పూడ్చారన్నది వారికి వంశానికీ భూమికీ గల బంధుత్వం. ఒక ఇల్లు గ్రామదేవత పండుగకు రానంటే, ఆ అల్లికలో ఒక పోగు తెగిందని పెద్దలు భయపడతారు. విచిత్రమేమంటే, తండ్రిని తాతల పక్కనే పడుకోబెట్టాలని కోరిన కొడుకు అడిగినదీ ఆ బంధుత్వాన్నే. ఇద్దరి దుఃఖమూ ఒకే మట్టిలోనిది.

అటువంటప్పుడు క్రైస్తవ తల్లిదండ్రులు పిల్లలకు తమ విశ్వాసాన్ని ఎలా అందించాలి? “వాళ్లు వేరు, మనం వేరు” అని గోడ కట్టటం అన్నిటికంటె సులభమైన మార్గం. గాయపడ్డ మనస్సుకు గోడ హాయిగానే ఉంటుంది. కాని గోడ లోపల పెరిగిన బిడ్డకు తాను ఎవరు కాడో తెలుస్తుందే గాని, ఎవరో తెలియదు. ద్వేషం మీద నిలిచిన గుర్తింపు ఆ ద్వేషం చల్లారిన నాడు కూలిపోతుంది.

రెండవ మార్గం కష్టమైనది. తాత ఎందుకు క్రైస్తవుడైనాడో పిల్లలకు కథగా చెప్పాలి. ఆ తాత తండ్రి ఏ దేవతకు మొక్కాడో కూడ ఆ కథలో చెప్పాలి. ముత్తాతను అజ్ఞాని అని తీసిపారేసిన ఇంట్లో మనుమడికి వేళ్లుండవు. కొత్త వడ్లు ఇంటికి వచ్చే వేళ బస్తరులో నవాఖానీ పండుగ జరుగుతుంది. చర్చిలలోనూ కోతపండుగ జరుపుకుంటారు. తొలిపంటను చేతులలో పట్టుకుని కృతజ్ఞత చెప్పే మనస్సు రెండుచోట్లా ఒకటే. మొక్కు ఎవరికన్నదే భేదం. ఆ భేదాన్ని దాచకుండా, ఆ పోలికను మరువకుండా చెప్పగల తల్లి బిడ్డకు రెండు కళ్లూ ఇచ్చినట్లే.

పాఠం కంటె పాట లోతుగా దిగుతుందన్న సంగతి బస్తరుకు ఎవరూ నేర్పనక్కరలేదు. మురియా గోండుల ఘోటుల్‌లో పెళ్లికాని యువతీయువకులు సాయంకాలాలు కూడి పాటలు, నాట్యాలు, పనిపాటలు, నడవడి నేర్చుకునేవారు. క్రైస్తవ మతాచార్యుడుగా భారతదేశానికి వచ్చి, తరువాత చర్చిని వదిలిన వెరియర్ ఎల్విన్ ఆ ఘోటుల్‌ను గురించి 1947లో ఒక పెద్ద గ్రంథమే వెలువరించాడు. తాము ఎవరో ఆ పిల్లలకు ఎవరూ ఉపన్యాసం ఇచ్చి చెప్పలేదు. కలిసి పాడారు, కలిసి పనిచేశారు, తెలుసుకున్నారు. ఆదివారపు బడి కూడ కంఠస్థం చేయించటంతో ఆగక, హల్బీలోనో గోండీలోనో పాడించి, ఇరుగుపొరుగు పొలాలలో సాయానికి పిల్లలను తీసుకుపోయినప్పుడు అదే పని చేస్తుంది. నాయనమ్మ జోలపాడిన భాషలో ప్రార్థించిన బిడ్డకు తన దేవుడు పరాయివాడనిపించడు.

ఈ అనుభవం తెలుగువారికి కొత్త కాదు, బస్తరు తెలుగువారికి దూరమూ కాదు. ఓరుగల్లు పతనమైన తరువాత కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు అక్కడ రాజ్యం స్థాపించాడని ప్రతీతి. పంతొమ్మిదవ శతాబ్దం చివర జగదల్‌పూరుకు వచ్చిన మెథడిస్టు మిషనరీ సి.బి. వార్డు అంతకుముందు తెలుగు ప్రాంతంలో పనిచేసినవాడే. జనం ‘లాల్ చర్చి’ అని పిలుచుకునే ఆ పట్టణపు ఎర్రని దేవాలయం చందయ్య అన్న పేర వెలసింది. ఆ పేరు వినగానే తెలుగు చెవి పోల్చుకుంటుంది.

తెలుగు క్రైస్తవులకు తమ పాట ఊరికే దొరకలేదు. 1890లో మరణించిన పురుషోత్తమ చౌదరి వంటివారు మన రాగాలలో, మన తాళాలలో కీర్తనలు కట్టారు. అందుచేత తెలుగు పల్లెలోని క్రైస్తవ బిడ్డ తన విశ్వాసాన్ని అరువు గొంతుతో పాడనక్కరలేకపోయింది.

ఇంకొక దృష్టాంతం గుర్రం జాషువ. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆ బాలుడు కులం పేరిట అవమానాలు అనుభవించాడు. కావ్యాలు, పురాణాలు చదువుకుని పద్యకవి అయినందుకు స్వమతస్థుల ఆగ్రహాన్నీ చవిచూశాడు. అటూ ఇటూ తోసివేయబడ్డ ఆయన ఏ ఒక్కదాన్నీ వదులుకోలేదు. ‘గబ్బిలం’లో ఒక అస్పృశ్యుని గోడును కాశీలోని శివునికి వినిపించమని గబ్బిలాన్ని పంపాడు. ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందాడు. ఆ రెండు కావ్యాలూ ఒకే హృదయంలో పుట్టాయి. గుర్తింపు అంటే ఒకదానిని నరికి మరొకదానిని నాటటం కాదని చెప్పటానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

చివరకు ఒక మాట తల్లిదండ్రులకు చేదుగా ఉండవచ్చు. విశ్వాసం ఆస్తివలె రాసి ఇచ్చేది కాదు. మన రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను ప్రతి మనిషికీ ఇచ్చింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించగా 1992లో భారతదేశం అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక ఆ స్వేచ్ఛను బిడ్డకూ చెప్పింది, దారి చూపే బాధ్యతను పెద్దలకు అప్పగించింది. దారి చూపవచ్చు, నడవవలసింది బిడ్డే. ఊరివారి బలవంతాన్ని తప్పు పట్టే ఇల్లు తన గుమ్మం లోపల బలవంతాన్ని ఒప్పు అనరాదు గదా!

“మనం ఈ ఊరివాళ్లం కాదా?” అన్న పిల్లవానికి తల్లి ఇవ్వగల జవాబు ఇంతే. “నీవు ఈ ఊరి బిడ్డవు. దేవుని బిడ్డవు కూడ. మొదటి మాట ఎవరైనా కాదన్నా నీవు కాదనకు. నీ పొరుగువాడు కూడ ఈ ఊరి బిడ్డేనని మరచిపోకు.” ఆ బిడ్డ పెద్దవాడై పొరుగింటి వృద్ధుని పాడె మోయటానికి భుజం ఇచ్చిననాడు, ఊరు కూడ ఆ జవాబును విన్నట్లవుతుంది.